సారయ్య దావత్‌లో ఆటలు

టేకులపల్లి
27 అక్టోబరు 2025

జంపక్క అత్తకు,

ఈ ఉదయం నాన్న తన బాయి బూట్ల లేసులు విప్పి, సబ్బుతో ఉతికి, దండెం మీద అమ్మ చీర పక్కన ఆరేశాడు. ఇన్నేళ్లు బొగ్గుబాయిలోకి దిగిన మనిషి లేసులు ఉతకడం నేనెప్పుడూ చూడలేదు. అడిగితే, "ఆఖరు నెల గదా, తెల్లగ పోదామని" అన్నాడు. లేసులు మాత్రం తెల్లబడలేదు.

వచ్చే నెల ముప్పయ్యో తేదీన నాన్న రిటైర్ అవుతున్నాడు. ఆ సాయంత్రమే కాలనీలో దావత్. నీకు ఫోన్లో మాట వినిపించదు, నాకు ఫోన్లో మాట రాదు. మనిద్దరికీ ఉత్తరమే నయం. పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నీ సాయం కావాలి. ఇక్కడ రిటైర్మెంట్ దావత్ ఎలా జరుగుతుందో నీకు తెలుసు. బాయి నుంచి డప్పులతో ఊరేగింపు, దండలు, శాలువాలు, షామియానా కింద వరుసగా కుర్చీలు. పెద్దవాళ్లు మైకు పట్టుకుని మాట్లాడతారు, ఎవరూ వినరు. మగవాళ్లు ఒక్కొక్కరే లేచి షామియానా వెనక్కి వెళతారు. మందు అక్కడ ఉంటుంది. ఆడవాళ్లు అటువైపు చూడనట్టు కూర్చుంటారు. ఎవరి కోసం దావతో, ఆ మనిషిని చివరికి ఇద్దరు పట్టుకుని ఇంటికి తీసుకొస్తారు.

పోయిన ఏడు బతుకమ్మ అప్పుడు నాన్న మందు మానేశాడు. ఇన్నాళ్లూ ముట్టలేదు. ఆ సాయంత్రం ఒక్క గ్లాసు ముడితే మళ్లీ మొదటికి వస్తాడు. అది జరగనివ్వను.

వద్దు అంటే సరిపోదని నాకు తెలుసు. నేను చూసినంతలో మగవాళ్లు షామియానా వెనక్కి వెళ్లేది దాహం వేసి కాదు, కూర్చోలేక. అందుకని కూర్చోనివ్వకూడదు అనుకున్నాను. ఆటలు పెడతాను. లేచి, నడిచి, నవ్వి ఆడే ఆటలు. పెద్దవాళ్లూ సిగ్గరులూ కూడా ఆడగలిగేవి. నేను పని చేసే స్కూల్ లైబ్రరీలో ఆటల పుస్తకం ఒకటి ఉంటే తీసి చూశాను. అందులో బొమ్మలన్నీ నిక్కర్లు వేసుకున్న పిల్లలవే. నువ్వు తల్లాడ స్కూల్లో ఇన్నేళ్లు పిల్లల్ని ఆడించావు. పెద్దవాళ్లను ఎలా ఆడించాలో నువ్వే చెప్పాలి.

అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

భవాని


తల్లాడ
3 నవంబరు 2025

నా కోడలు భవానికి,

నీ ఉత్తరం చదువుకుంట కూసున్న, పొయ్యి మీద అన్నం మాడింది. మీ మామ మాడిన అన్నమే తిని "ఎవలు రాసిన్రు, గంత ముచ్చట?" అన్నడు. చెప్పిన. నమ్మలే. ఇంటికి చుట్టాలొస్తే తలుపెనక నిలబడి పుస్తకం చదివే పిల్ల కాలనీ కాలనీని ఆడిపిస్తదా అని ఒకటే నవ్వుడు. నేను మాత్రం నవ్వలే. సంతోషమైంది.

ఇను. ఎన్నడూ "రండి, ఆడుదాం" అని పిలువకు. పిలిస్తే ఎవడు లేవడు. కుర్చీలు తీసెయ్యి. నిలబడ్డోడు ఆడుతడు, కూసున్నోడు చూస్తడు. ఇంకోటి, ఓడినోన్ని ఉత్తగ పంపకు. వానికేదన్న పని చెప్పు. లేకుంటే అలిగి పోతడు. పిల్లలకన్న ముసలోళ్లే ఎక్కువ అలుగుతరు, ఇది నా సర్వీసు మొత్తం చూసి చెప్తున్న మాట.

ఆటలంటే, నోట్ల చెంచా పెట్టి నిమ్మకాయ మోసుడు. కాలికి గాలిబుగ్గ కట్టుకొని ఒకలది ఒకలు పగలగొట్టుడు. పేపరు మీద మొగుడు పెండ్లాలు నిలబడాలె, పాట ఆగినప్పుడల్ల పేపరు సగం మడవాలె. కుర్చీలాట. అన్నాలకు ముందు తాడు గుంజుడు. తాడు గుంజినంక ఆకలైతది, ఆకలైతే పొట్లాట ఉండదు.

ఇగ మందు సంగతి. మా తమ్ముడు మానేసిండంటే మంచిదే. వాడు తాగకపోతే తాగకపాయె, వచ్చినోళ్లకు పెట్టకుంటే ఎట్ల బిడ్డా? వానితోని బాయి దిగే జోడీ రామ్‌చందర్ కొడుకు పెండ్లిల మనోడు తాగలేదా? తాగిన ఇంటికి మళ్ల పెట్టకపోతే మాట మిగుల్తది. ఆటలు ఒక దిక్కు, మందు ఒక దిక్కు ఉండనియ్యి.

నేను వస్త. విజిల్ తెస్త.

మీ అత్త
జంపక్క


టేకులపల్లి
9 నవంబరు 2025

అత్తకు,

అన్నం మాడినందుకు మామయ్యకు నా తరఫున సారీ చెప్పు.

ఈ ఆదివారం పక్క క్వార్టర్ గోరి వదినను, ఇంకో నలుగురిని పిలిచి నువ్వు రాసిన ఆటలు ఆడి చూశాం. చెంచా నిమ్మకాయ కుదరదు. చెంచా నోట్లో పెట్టుకోగానే బాయి దుమ్ము పీల్చిన వాళ్లకు దగ్గు తెర వస్తుంది. గాలిబుగ్గలు కుదరవు. రామ్‌చందర్ మామ బాయిలో బొగ్గు పగలడానికి తూటాలు పేల్చే మనిషి, ఇంటి దగ్గర చిన్న చప్పుడైనా ఉలిక్కిపడతాడు. పేపరు ఆట అసలే కుదరదు. గోరి వదిన పేపరు మీద నిలబడి మొగుణ్ని చూసి, "పెండ్లినాడు కూడ గింత దగ్గర నిలబడలేదు నువ్వు" అంది. ఆమె మొగుడు ధన్‌సింగ్ అన్న ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. తాడు లాగుడు అంటే ఆ యూనియన్ ఒకవైపు, ఈ యూనియన్ ఒకవైపు నిలబడతారు. ఆ తాడు అన్నాలప్పటికి కూడా వదలరు.

కుర్చీలాట మాత్రం మిగిలింది. అది అందరికీ తెలిసిన ఆట, మెల్లగా నడిచినా సరిపోతుంది.

నా గొంతు సంగతే భయంగా ఉంది. ఆట ఎలాగో చెబుతుంటే గోరి వదిన, "ఏందమ్మా, చెప్తున్నవా, ఊపిరి తీస్తున్నవా?" అంది. రోజూ స్నానం చేసేటప్పుడు గట్టిగా చెప్పడం అలవాటు చేసుకుంటున్నాను. పాట ఎప్పుడు ఆపాలి, ఎవరు ఆపాలి అన్నది కూడా తేలలేదు.

మందు పెట్టను అత్తా. ఇంకోసారి అడగవద్దు. మా కాన్వెంట్ స్కూల్ నుంచి సిస్టర్లు కూడా వస్తామన్నారు, వాళ్లకు ముందు వరుసలో చోటు చూడాలి.

నువ్వు తప్పకుండా రావాలి.

భవాని


తల్లాడ
14 నవంబరు 2025

భవానికి,

ఇప్పుడు సమజైంది నాకు. సిస్టర్లు వస్తున్నరు. వాళ్ల ముందు మనోళ్లు తాగి ఊగితే నీకు నామోషి. గదే గదా?

నువ్వు కాన్వెంట్‌ల చదివినవంటే మా తమ్ముడు పగలు రాత్రి షిఫ్టులు మార్చుకొని బాయి దిగినందుకు. వానితోని దిగినోళ్లే గా రామ్‌చందర్, గా ధన్‌సింగ్ వాళ్ల నాయిన. ఒకలి మీద బండ పడితే ఇంకొకలు గుంజిన్రు. గసొంటోళ్లను పిలిచి నిమ్మకాయ నీళ్లు పోసి పంపుతవా? మా తమ్ముని పరువు నీ సిస్టర్ల ముందు ఉన్నది గాదు, వాని జోడీల ముందు ఉన్నది.

నువ్వు వద్దంటే వద్దు. మా పిలగానితోని రామ్‌చందర్‌కు ఫోన్ చేయించిన. షామియానా ఎనక సంగతి వాడే చూసుకుంటనన్నడు. "అక్కా, నువ్వు చెప్పాల్నా, నా సారన్న దావత్" అన్నడట. నువ్వు ముందట ఆడిపించుకో.

కోపం వేరు, ఆట వేరు. ఆట సంగతి చెప్తున్న ఇను. పాట ఆపుడు మీద నమ్మకం పెట్టుకోకు. ఆపేటోడు తన మనిషిని చూసి ఆపుతడు, అక్కడ లొల్లి అయితది. పాట నడవనియ్యి. నీ స్కూల్ల చేతి గంట ఉంటది గదా, అది తెచ్చుకో. ఒక్క గంట కొట్టు, అందరు కూసుంటరు. నీ గొంతు ఇనపడకున్న గంట ఇనపడ్తది.

జంపక్క


టేకులపల్లి
18 నవంబరు 2025

అత్తకు,

సిస్టర్ల కోసం కాదు.

పోయిన ఏడు బతుకమ్మకు ముందు ఒక పొద్దున నాన్న పళ్లు తోముకుంటూ రక్తం కక్కాడు. పెరట్లో బండ మీద పడింది. అమ్మ నీళ్లు పోసి కడిగింది, మళ్లీ కక్కాడు. ధన్‌సింగ్ అన్న ఆటోలో పెద్ద దవాఖానాకు తీసుకెళ్లాం. కడుపు పుండు అని అందరికీ చెప్పాం. పుండు కాదు, లివర్. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇక మీదట ఒక్క గ్లాసు తాగినా నా దగ్గరికి తీసుకురావద్దు, నేను చేసేదేమీ ఉండదు" అన్నాడు. అంత మాట నాకు చెప్పాడంటే ఇంట్లో నేనే పెద్ద అనుకున్నాడేమో.

నాన్న మంచం మీద పడుకుని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "అక్కకు చెప్పకు. రామ్‌చందర్‌కు చెప్పకు. జాలి చూపు నాకొద్దు. బతికినన్ని రోజులు సారన్న లెక్కనే బతుకుత" అన్నాడు. ఈ ఏడాది దావత్‌లకు వెళ్లి నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, మొక్కు ఉందని చెప్పి. రేపు తన దావత్‌లోనే రామ్‌చందర్ మామ గ్లాసు నోటి దగ్గర పెడితే మొక్కు సంగతి నిలవదు. నాన్న కాదనలేడు. రామ్‌చందర్ మామను కాదనడం ఆయనకు ఈ జన్మలో రాదు.

ఇప్పుడు నీకు చెప్పి నేను ఒట్టు తప్పాను. నువ్వు ఇంకెవరికీ చెప్పవద్దు. రామ్‌చందర్ మామకు అసలే చెప్పవద్దు. వేరే ఏదైనా చెప్పి మందు ఆపించగలిగితే ఆపించు. లేకపోతే నా ఆటలు నాకున్నాయి.

గంట తెచ్చుకున్నాను. సిస్టర్ ఎందుకు అని కూడా అడగకుండా ఇచ్చింది.

భవాని


తల్లాడ
24 నవంబరు 2025

బిడ్డా,

మా అమ్మ పొలానికి పోతే వాన్ని నడుం మీద ఎత్తుకొని నేను బడికి పోయిన. వాడు నాకు చెప్పలే.

రామ్‌చందర్‌కు మళ్ల చేయించిన ఫోన్. "మందు వద్దు, మా ఇంటి దేవునికి కోపమొచ్చింది" అని చెప్పించిన. వాడు నవ్విండట. "అక్కా, పోయిన వారం పెట్టుమంటివి, ఈ వారం వద్దంటివి, దేవునికి కోపమా, నీకు వయసు మీద పడ్డదా? తెచ్చింది తెచ్చిన, ఎనక్కి పోదు" అన్నడట. ఇంకేం చెప్పాలె? అసలు మాట చెప్పద్దంటివి.

నేను రాలేకపోతున్న. నీ కుర్చీలాట ముసలోళ్లకు నడుస్తదో నడువదో చూద్దామని వాకిట్ల నాలుగు కుర్చీలేసి నేనే తిరిగిన. మోకాలు మడత పడ్డది. కుండ లెక్క వాచింది. మీ మామ నవ్వుతనే ఉన్నడు. బస్సు ఎక్కే పరిస్థితి లేదు.

వాన్ని చూసుకో. ఏమన్న కానీ, ఆట ఆగనియ్యకు.

అత్త


టేకులపల్లి
4 డిసెంబరు 2025

అత్తా,

మోకాలు ఎలా ఉంది? గోరి వదిన ఆముదం ఆకు వేడి చేసి కట్టమంది. మామయ్యను నవ్వవద్దని నేను చెప్పానని చెప్పు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

డప్పులతో నాన్నను తీసుకొచ్చారు. దండలకు మెడ కనిపించలేదు. మొదటి పెద్దాయన మాట్లాడుతుండగానే గోరి వదినా నేనూ వెనక వరుస నుంచి కుర్చీలు లాగడం మొదలుపెట్టాం. "ఎవలే, కూసున్నోళ్ల కుర్చీలు గుంజేది?" అని ఒకాయన అరిచాడు. "అన్నం తినేటి కాడికి, అన్నా" అని గోరి వదిన అబద్ధం చెప్పింది. రెండో పెద్దాయన మైకు అందుకునేసరికి వినడానికి కూర్చున్నది సిస్టర్లే. ఆయన తొందరగా ముగించాడు.

కుర్చీలు మధ్యలో గుండ్రంగా వేశాం. ఎలా ఆడాలో నేను చెప్పాను, ఎవరికీ వినపడలేదు, కానీ కుర్చీలు చూసి అందరికీ అర్థమైంది. డప్పు పాట పెట్టాం. మగవాళ్లు తిరగడం మొదలుపెట్టారు. నాన్న, రామ్‌చందర్ మామ, మొదటి షిఫ్టు వాళ్లందరూ. నువ్వు చెప్పినట్టే ఒక్క గంట కొట్టాను.

ఒక్కరూ కూర్చోలేదు.

అందరూ ఆగిపోయారు. ఎక్కడి కాలు అక్కడే. రామ్‌చందర్ మామ ఒక కాలు ముందుకు వేసి, చేతిలో ఉల్లిగడ్డ ముక్క పట్టుకుని బిగుసుకుపోయాడు. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. నేను భయపడి మళ్లీ ఒక్కటి కొట్టాను. ఇంకా బిగుసుకున్నారు.

"ఏందయ్యా, బొమ్మలైన్రా? కూసోన్రి!" అంది గోరి వదిన.

రామ్‌చందర్ మామ తల కూడా తిప్పకుండా, "ఒక్క గంట కొట్టె గదమ్మా. ఒక్క గంటకు కదుల్తరా ఎవలన్న?" అన్నాడు.

అప్పుడు తెలిసింది. బాయి లోపల తాడుతో లాగే బొగ్గు డబ్బాల బండ్లు, అదే టబ్బులు, నడిచే దారిలో ఒక్క గంట అంటే ఆగమని. మిగతా గంటల లెక్క బాయి బాయికీ మారుతుందట, ఒక్క గంట మాత్రం ఎక్కడైనా ఒకటే. అక్కడ కదిలిన మనిషి టబ్బు కింద పడతాడు. ఇన్నేళ్లు ఆ గంటకు ఆగిన కాళ్లకు షామియానా ఏదో బాయి ఏదో తెలియలేదు. బాయి మనిషికి అక్కవు, నీకైనా తట్టలేదు. బాయి మనిషి బిడ్డను, నాకైనా తట్టలేదు.

ముందు నవ్వింది అమ్మ. "గీ గంట సంగతి పెండ్లప్పుడే చెప్తే నాకు ఇన్నేండ్ల అరుపులు తప్పేటియి" అంది. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మగవాళ్లు కూడా, కదలకుండానే.

నేను కుర్చీలన్నీ తీయించేశాను. ఆట మార్చాను. ఒక్క గంటకు ఆగాలి, రెండు గంటలకు నడవాలి, ఆగమన్నప్పుడు కదిలితే అవుట్. అవుటైన వాళ్లు గట్టున నిలబడి కదిలిన వాళ్లను పట్టుకోవాలి. ఈ పని చెప్పాక ఓడినవాళ్లకే హుషారెక్కువైంది. "నీ మీసం కదిలింది!" "గాలికి కదిలిందిరా!" "గాలినన్న అవుట్ చెయ్యి, నన్ను చెయ్యకు!" ఆడవాళ్లు కూడా వచ్చి కలిశారు. ఒక సిస్టర్ చాలాసేపు అవుట్ కాలేదు.

అప్పుడు రామ్‌చందర్ మామ వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. పాట చప్పుడులో మాట వినిపించలేదు, బొటనవేలు నోటివైపు చూపించడం కనిపించింది. నాన్న నవ్వాడు. కాదనలేదు. ఇద్దరూ అందరిలోంచి నడుచుకుంటూ షామియానా చివరికి వెళ్లారు. నాన్న తెర పక్కకు తీశాడు.

నాన్నా అని పిలవాలి. పిలిస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పకూడదు.

గంట కొట్టాను. ఒక్కటే.

అందరితోపాటు వాళ్లిద్దరూ ఆగారు. నాన్న వీపు నావైపు ఉంది. తెర చేతిలోనే ఉంది.

నేను రెండు కొట్టలేదు. పాట అయిపోయింది. ఇంకో పాట పెట్టవద్దని గోరి వదినకు చేత్తో సైగ చేశాను.

"మర్చిపోయినవా బిడ్డా?" అన్నారెవరో. "కొట్టమ్మా, కాలు గుంజుతాంది." "పంతులమ్మ పనిష్‌మెంట్ ఇచ్చిందిరో." నవ్వులు. గంట దానంతటదే మోగుతుందేమోనని దాని లోపలి నాలుకను రెండో చేత్తో పట్టుకున్నాను.

"రెండు కొట్టు తల్లీ, మీ నాయినతోని పనున్నది" అన్నాడు రామ్‌చందర్ మామ, గోడలాగా నిలబడి.

కొట్టలేదు. నవ్వులు కూడా తగ్గాయి. అందరూ నన్నే చూస్తున్నారని నాకు తెలుసు. మామూలుగా అయితే ఆ చూపుకే నేను ఇంట్లోకి పారిపోతాను. వెళ్లలేదు.

నాన్న తెర వదిలేశాడు. నావైపు తిరిగాడు.

"సారన్న కదిలిండు!" అని అరిచారు. "సారన్న అవుట్! తన దావత్‌ల తనే అవుట్!"

"అవుటే" అన్నాడు నాన్న. నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, అవుటైన వాళ్ల వరుసలో నిలబడి, చెయ్యి చాపాడు. "గంట నాకియ్యి. నీకు కొట్టుడు సక్కగ వస్తలేదు."

ఇచ్చాను. అన్నాలు పెట్టేదాకా నాన్నే కొట్టాడు. రామ్‌చందర్ మామ వెనక్కి వెళ్లి, అంతలోనే తిరిగొచ్చాడు. "ఎనక ఒక్కడు లేడు. గోడకు గ్లాసు తాకిచ్చి తాగాల్నా?" అని తిట్టుకుంటూ ఆటలో కలిశాడు. ఎవరూ తాగలేదని రాయను. అన్నాల తర్వాత కొందరు వెళ్లారు. నాన్న నాతోపాటు కుర్చీలు లెక్క చూసి షామియానా వాళ్లకు అప్పజెప్పాడు.

మర్నాడు చాయ్ తాగుతూ, "ఎవలకు చెప్పినవ్?" అని అడిగాడు.

"అత్తకు."

"ఏమన్నది?"

"వాడు నాకు చెప్పలే, అంది."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అక్క మోకాలు తగ్గినంక నేనే పోత తల్లాడకు" అన్నాడు. కాబట్టి వస్తాడు. తిట్టదలచుకుంటే అన్నం పెట్టాక తిట్టు.

గంట సిస్టర్‌కు తిరిగి ఇచ్చేశాను.

నీ కోడలు
భవాని

తా.క. ఇది ఇంట్లో కూర్చుని రాయలేదు. డాక్టరు నెలనెలా చూపించుకోమన్నాడు, ఈ ఏడాదంతా నాన్న ఒక్కసారీ రాలేదు. ఇవాళ పొద్దున తనే చొక్కా వేసుకుని నన్ను లేపాడు. దవాఖానా వరండాలో ఉన్నాం. ఇప్పుడే ఆయన పేరు పిలిచారు.